అలయన్స్‌ని నడిపేది ఎవరు? ఆన్‌లైన్ ఆటల్లో ఆటగాళ్ళ పాలన మీద ప్రసంగం

(రికార్డింగ్ విని ఎక్కించిన పాఠం. రాలేకపోయినవాళ్ళ కోసం.)

అందరికీ నమస్కారం. ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మీలో ఎంతమంది ఏదో ఒక ఆన్‌లైన్ ఆటలో గిల్డ్‌లోనో క్లాన్‌లోనో అలయన్స్‌లోనో, అంటే ఆటగాళ్ళు కలిసి కట్టుకున్న జట్టులో, ఉన్నారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. దించకండి, అలాగే ఉంచండి. అందులో ఆఫీసరుగానో కో-లీడరుగానో పనిచేసినవాళ్ళు? తగ్గిపోయారు. లీడర్‌గా చేసినవాళ్ళు? ముగ్గురు... వెనక ఇంకొకరు, నలుగురు. మీ నలుగురికీ నేను చెప్పేదాంట్లో సగం తెలిసే ఉంటుంది. ఎక్కడైనా తప్పు చెబితే చివర్లో తప్పకుండా నిలదీయండి.

నేను ఒక మొబైల్ స్ట్రాటజీ గేమ్ ఆరేళ్ళుగా ఆడుతున్నాను. మొదటి రెండేళ్ళు మామూలు సభ్యుణ్ణి, తర్వాత ఆర్‌4. ఈ రకం ఆటలు ఆడనివాళ్ళకి చెబుతాను, వీటిలో ర్యాంకులు ఆర్‌1 నుంచి ఆర్‌5 దాకా ఉంటాయి. ఆర్‌5 ఒక్కరే ఉంటారు, ఆయనే లీడర్. ఆర్‌4లు ఆఫీసర్లు. మా అలయన్స్‌లో వంద మంది దాకా ఉండేవాళ్ళం, ఎవరూ ఎవర్నీ ముఖాముఖీ చూసింది లేదు, నాలుగైదు భాషలవాళ్ళం, కొందరికి పగలైతే కొందరికి అర్ధరాత్రి. ఈ వంద మందికీ జీతం లేదు, కాంట్రాక్టు లేదు. అయినా రాత్రి రెండు గంటలకి ఎవరిమీదో దాడి జరిగితే ఇరవై మంది నిద్ర లేచి సైన్యం పంపేవాళ్ళు. ఎందుకు పంపారు? ఎవరు చెబితే పంపారు? ఇన్నేళ్ళుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

ముందు ఆటను తయారుచేసిన కంపెనీ మనకేమిచ్చిందో చూద్దాం. బటన్లు ఇచ్చింది. చేర్చుకునే బటన్, తీసేసే బటన్, ర్యాంకు పెంచే బటన్, దించే బటన్, అన్నిటికంటే పైన అలయన్స్‌ని రద్దుచేసే బటన్. ఇవన్నీ ఎవరి చేతిలో ఉన్నాయి? లీడర్ చేతిలో, కొన్ని ఆఫీసర్ల చేతిలో. ఓటు వేసే బటన్ మీలో ఎవరికైనా కనిపించిందా? అప్పీలు చేసుకునే బటన్? లీడర్‌ని దించే బటన్? కొన్ని ఆటల్లో లీడర్ చాలా రోజులు లాగిన్ అవకపోతే పదవి వేరేవాళ్ళకి పోతుంది, అంతకుమించి ఏమీ ఉండదు. అంటే కోడ్‌కి తెలిసింది యజమాని ఒక్కడే. మనం కౌన్సిల్ అంటాం, రూల్స్ అంటాం, ఓటింగ్ అంటాం, ఇవేవీ కోడ్‌లో లేవు. అన్నీ నోటి మాట మీద, డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో పిన్ చేసిన ఒక మెసేజ్ మీద నిలబడ్డ కట్టుబాట్లు.

క్లాష్ ఆఫ్ క్లాన్స్ మీలో చాలామంది ఆడే ఉంటారు. 2012లో వచ్చింది, క్లాన్‌లో యాభై మంది దాకా ఉండొచ్చు. లీడర్, కో-లీడర్, ఎల్డర్, మెంబర్. అందులో కో-లీడర్‌కి ఎల్డర్లనీ మెంబర్లనీ తీసేసే అధికారం ఉంది. చేరిన పది నిమిషాలకే "కో ఇవ్వండి" అని చాట్‌లో అడిగేవాళ్ళని చూడని క్లాన్ ఉండదు. అడిగాడు కదా అని ఇచ్చేసి, పొద్దున లేచి చూస్తే క్లాన్‌లో ముప్పై మంది లేని అనుభవం ఎంతమందికి ఉంది? చూశారా, మళ్ళీ చేతులు లేచాయి. అలా జరిగినప్పుడు మనకి కోపం ఎవరిమీద రావాలి? తీసేసినవాడిమీద వస్తుంది, సహజమే. కానీ ఆ బటన్ ఎవరికి ఇవ్వాలో ముందే ఒక పద్ధతి పెట్టుకోని మనమీద కూడా రావాలి.

దీనికి పెద్ద ఉదాహరణ ఒకటి ఉంది, కొంచెం వివరంగా చెబుతాను. ఈవ్ ఆన్‌లైన్ అని ఒక అంతరిక్ష ఆట, ఐస్‌లాండ్‌లోని సీసీపీ అనే కంపెనీది, 2003 మేలో మొదలైంది. చైనా సర్వర్ పక్కనపెడితే ఆడేవాళ్ళందరూ ఒకే విశ్వంలో ఉంటారు. ఆటగాళ్ళు కార్పొరేషన్లు పెట్టుకుంటారు, కార్పొరేషన్లు కలిసి అలయన్స్ అవుతాయి, అలయన్స్‌లు కలిసి కూటములవుతాయి, అంతరిక్షంలో ప్రాంతాలని తమ సొంతం చేసుకుని ఏలుకుంటాయి. ఒకప్పుడు అక్కడ బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అనే అలయన్స్ అంటే హడలు. వాళ్ళ ప్రధాన శత్రువు గూన్‌స్వార్మ్ అనే ఇంకో అలయన్స్. వీళ్ళ మధ్య ఏళ్ళ తరబడి యుద్ధం. 2009 ఫిబ్రవరిలో ఆ యుద్ధం ఎలా తిరగబడిందో తెలుసా? ఓడలతో కాదు. బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్‌లో డైరెక్టర్ హోదాలో ఉన్న ఒక ఆటగాడు అవతలి పక్షానికి మారిపోయాడు, పోతూపోతూ తన అధికారంతో అలయన్స్‌నే రద్దు చేశాడు. అంతే. అలయన్స్ పేరుమీద ఉన్న ప్రాంతాలన్నీ యజమాని లేనివైపోయాయి. అంతటితో ఆగలేదు, ఆ పేరుని కూడా అవతలివాళ్ళు వెంటనే రిజిస్టర్ చేసేసుకున్నారు, అందుకని పాత పేరుతో మళ్ళీ నిలబడే దారి కూడా మూసుకుపోయింది. కంపెనీ దాన్ని వెనక్కి తిప్పలేదు, ఆట రూల్స్‌లో ఉన్నదే చేశారు కాబట్టి.

వేల మంది ఏళ్ళ తరబడి కట్టుకున్నది ఒక్కడి క్లిక్‌తో పోయింది. ఇక్కడ అందరూ "ద్రోహి" అని ఆగిపోతారు. నేను ఆగను. ఆ డైరెక్టర్ హోదా ఎంతమందికి ఉంది, ఎందుకు ఉంది, ఎవరైనా ఎప్పుడైనా ఆ జాబితాని తిరగేశారా అన్నది నా ప్రశ్న. ఇంటి తాళంచెవులు పదిమందికి ఇచ్చి, ఎవరికి ఇచ్చామో కూడా మర్చిపోయి, ఇల్లు పోయాక ఏడిస్తే ఏం లాభం?

సరే, లీడర్ చేతిలో ఇన్ని బటన్లుంటే మరి ప్రతి అలయన్సూ నియంతృత్వమే అవ్వాలి కదా? అవుతుందా? కొన్ని అవుతాయి. ఎక్కువ కాలం నిలబడేవి మాత్రం అవవు. ఎందుకంటే లీడర్ దగ్గర లేని ఒక బటన్ ప్రతి సభ్యుడి దగ్గరా ఉంది. వెళ్ళిపోయే బటన్. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. లీడర్ వంద మందిని ఏలుతున్నాడని మనం అనుకుంటాం. ఆ వందమందీ ప్రతిరోజూ లాగిన్ అయి, ఈరోజుకి ఇక్కడే ఉందాం అని మళ్ళీ నిర్ణయించుకుంటున్నారన్నది మర్చిపోతాం. అసలు ఓటింగ్ అదే. ఎవరూ బయటికి చెప్పరు, చాట్‌లో గొడవ కూడా పెట్టరు. ముందు ర్యాలీలకి, అంటే అందరూ సైన్యం కలిపి చేసే దాడులకి, రావడం మానేస్తారు. తర్వాత డొనేషన్లు ఆగిపోతాయి. తర్వాత ఒక పొద్దున పేరు ఉండదు. లీడర్‌గా చేసిన నలుగురూ తలూపుతున్నారు చూడండి. ఎవరైనా మాట్లాడటం తగ్గిస్తే పట్టించుకోవాలి, గొడవ పెట్టుకునేవాడి గురించి అంత టెన్షన్ అక్కర్లేదు, వాడికి ఇంకా ఉండాలని ఉంది కాబట్టే గొడవ పడుతున్నాడు.

ఇక పంపకాల సంగతి. అలయన్స్‌లు శత్రువుల వల్ల విరిగినదానికంటే పంపకాల వల్ల విరిగిందే ఎక్కువని నా నమ్మకం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004 నవంబర్‌లో వచ్చింది. మొదట్లో మోల్టెన్ కోర్ అనే చోటికి నలభై మంది కలిసి రైడ్‌కి, అంటే గుంపుగా చేసే దాడికి, వెళ్ళాలి. గంటలకు గంటలు కొట్టి ఒక బాస్‌ని, అంటే అక్కడి పెద్ద శత్రువుని, పడగొడితే రెండో మూడో వస్తువులు పడతాయి. నలభై మంది, మూడు వస్తువులు. ఎవరికి ఇవ్వాలి? పాచికలు వేద్దామంటే నిన్న చేరినవాడికి పడొచ్చు, ఆర్నెల్లుగా ఒక్క రాత్రి కూడా మానకుండా వచ్చినవాడు చూస్తూ కూర్చోవాలి. లీడర్ చెప్పినవాడికి ఇద్దామంటే లీడర్ స్నేహితులకే పోతున్నాయని మాట వస్తుంది.

దీనికి సమాధానం కంపెనీలు కనిపెట్టలేదు, ఆటగాళ్ళే కనిపెట్టారు, అది కూడా వార్‌క్రాఫ్ట్ కంటే ముందే. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో ఒక గిల్డ్ వాళ్ళు డ్రాగన్ కిల్ పాయింట్స్ అని మొదలుపెట్టారు, డీకేపీ అంటారు. రైడ్‌కి వస్తే పాయింట్లు వస్తాయి, వస్తువు కావాలంటే ఆ పాయింట్లు ఖర్చుపెట్టాలి. ఆటలో ఎక్కడా ఈ పాయింట్లు ఉండవు, గిల్డ్ రాసుకునే పట్టికలోనే ఉంటాయి. అంటే ఏమిటి? సొంతంగా ఒక కరెన్సీ ముద్రించారు! ముద్రించాక కరెన్సీకి వచ్చే జబ్బులన్నీ దానికీ వచ్చాయి. పాతకాపులు పాయింట్లు దాచుకుని కూర్చున్నారు, కొత్తవాళ్ళు ఎంత కష్టపడినా వాళ్ళని అందుకోలేకపోయారు, పాయింట్లు పెరిగిపోతూ వాటి విలువ పడిపోయింది. మందుగా కొందరు వారం వారం అందరి పాయింట్లూ కొంత శాతం తగ్గించడం మొదలుపెట్టారు. ఇంకొందరు ఒకడు ఖర్చుపెట్టిన పాయింట్లనే మిగతా వాళ్ళకి సమానంగా పంచి, మొత్తం ఎప్పుడూ సున్నా దగ్గరే ఉండేలా చూశారు. ఎకనామిక్స్ చదవనివాళ్ళు, స్కూలు పిల్లలు కూడా ఉండుంటారు అందులో, రాత్రిళ్ళు కూర్చుని ద్రవ్యోల్బణం గురించి వాదించుకున్నారు. నాకు ఇది ఎంత గొప్పగా అనిపిస్తుందో చెప్పలేను.

ఇంకో పద్ధతి లూట్ కౌన్సిల్. లూట్ అంటే రైడ్‌లో పడిన వస్తువులు. నలుగురైదుగురు ఆఫీసర్లు కూర్చుని, ఈ కత్తి ఎవరి చేతిలో ఉంటే గిల్డ్‌కి ఎక్కువ లాభమో చూసి ఇస్తారు. పనితనం ప్రకారం చూస్తే ఇదే మంచిది. కానీ ఇది నడవాలంటే నమ్మకం కావాలి. కారణం చెప్పకుండా కౌన్సిల్ ఇచ్చిన మొదటి వస్తువుతోనే ఆ నమ్మకం తరగడం మొదలవుతుంది. అందుకే నేను ఎవరికైనా చెప్పేది, నిర్ణయం తప్పయినా ఫర్వాలేదు, కారణం మాత్రం అందరికీ కనిపించేచోట రాయండి.

ఒక విషయం చూడండి. 2018లో వార్‌క్రాఫ్ట్ కంపెనీయే ఈ పంపకాన్ని గిల్డ్‌ల చేతిలోంచి తీసేసి, ఎవరి వస్తువు వాళ్ళకే నేరుగా పడేలా చేసింది. గొడవలు పోతాయి కదా, అందరూ సంతోషించి ఉండాలి కదా? చాలా గిల్డ్‌లు తీవ్రంగా వ్యతిరేకించాయి. మా వస్తువులు మేమే పంచుకుంటాం, మా గొడవ మేమే పడతాం అన్నారు. తర్వాత 2022లో వచ్చిన డ్రాగన్‌ఫ్లైట్‌లో రైడ్‌లకి గ్రూప్ లూట్, అంటే పడినవాటిని గుంపులోనే పంచుకునే పద్ధతి, మళ్ళీ వచ్చింది. పంచుకునేది ఏమీ లేకపోతే మాట్లాడుకునేది కూడా తగ్గిపోతుంది, నాకు అర్థమైన కారణం ఇది.

ఇప్పుడు నేరాలూ శిక్షలూ. ఇక్కడ మా సొంత అనుభవం చెబుతాను. మా ఆటలో సర్వర్‌లోని మొదటి పది అలయన్స్‌లు కలిసి ఒక ఒప్పందం పెట్టుకుంటాయి, నాప్ అంటాం, అంటే ఒకరిమీద ఒకరు దాడి చేసుకోకూడదని. అందులో ముఖ్యమైన రూల్, మ్యాప్ మీద ధాన్యమో రాయో తవ్వుకుంటున్న వాళ్ళ టైల్‌ని, అంటే వాళ్ళున్న గడిని, కొట్టకూడదు. కొడితే ఏమవుతుంది? మొదటిసారి క్షమాపణ, పోయినదానికి మూడింతలు నష్టపరిహారం. రెండోసారి ఆర్‌1కి దింపడం. మూడోసారి బయటికి, ఆపైన నాప్ అలయన్స్‌లు ఎవరైనా అతన్ని కొట్టొచ్చు. ఇది మేం ఏ పుస్తకం చూసీ రాసుకోలేదు. తర్వాత ఎప్పుడో ఎలినార్ ఆస్ట్రమ్ గురించి చదివాను, 2009లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చిన ఆవిడ. ఉమ్మడి పచ్చిక బయళ్ళనీ చేపల నీళ్ళనీ సాగు కాలవలనీ తరతరాలుగా చెడగొట్టుకోకుండా వాడుకుంటున్న సముదాయాలు ఏం చేస్తున్నాయో ఆవిడ వెతికారు. ఆవిడ గమనించిన వాటిలో ఒకటి, శిక్ష చిన్నదానితో మొదలై తప్పు మళ్ళీ మళ్ళీ జరిగితేనే పెరుగుతుంది. చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది, మా పిన్ చేసిన మెసేజే అక్కడ కనిపించినట్టు అనిపించింది.

ఒక రాత్రి, ఆట గడియారంలో 2:14కి, పొరుగు అలయన్స్ ఆర్‌4 నాకు స్క్రీన్‌షాట్ పంపారు. బ్యాటిల్ రిపోర్ట్. మావాడు వాళ్ళ సభ్యుడి టైల్ కొట్టాడు, ఏడు వేల గుర్రపు దళం పోయింది. పేరు చూస్తే మా అలయన్స్‌లోకెల్లా బలమైన ఆటగాడు, పెద్ద ర్యాలీలన్నీ నడిపేది ఆయనే. అడిగితే "ట్యాగ్ చూసుకోలేదు" అన్నారు, ట్యాగ్ అంటే పేరు పక్కన ఉండే అలయన్స్ గుర్తు. సరే, జరుగుతుంది, క్షమాపణ చెప్పి పరిహారం పంపండి అన్నాం. పంపనన్నారు. "నేను లేకపోతే మీకు ర్యాలీ ఎవరు నడుపుతారు" అన్నారు. ఆ మాట చాట్‌లో అందరూ చూశారు.

ఏం చేస్తారు మీరైతే? ఆఫీసర్ల చాట్‌లో మూడు గంటలు వాదించుకున్నాం. మా ఆర్‌5 వదిలేద్దామన్నారు, వచ్చే వారం పెద్ద ఈవెంట్ ఉంది, ఆయన లేకపోతే ఓడిపోతాం. ఆయన అన్నది అబద్ధం కాదు. అప్పుడు మాలో ఒకావిడ, మామూలుగా ఎక్కువ మాట్లాడేవారు కాదు, ఒకే ఒక్క మాట రాశారు: "పోయిన నెల ఇదే తప్పుకి ఒక ఆర్‌2 దగ్గర పరిహారం కట్టించాం." దాని తర్వాత వాదించడానికి ఇంకేం మిగిలింది? ఆయన్ని ఆర్‌1కి దింపాం. పరిహారం మేం ఆఫీసర్లమే తలా కొంత వేసుకుని ఆ రాత్రే పంపేశాం. తెల్లారేసరికి ఆయన ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయారు. ఈవెంట్‌లో ఓడిపోయాం, బాగా ఓడిపోయాం. కానీ ఆ పొరుగు అలయన్స్ ఆ తర్వాత రెండు సీజన్లు మా పక్కన నిలబడింది, మేం అడగకపోయినా సైన్యం పంపింది.

దౌత్యం అంటే ఇదే. పెద్ద అలయన్స్‌లలో దీనికోసమే మనుషులుంటారు. ఈవ్ ఆన్‌లైన్‌లో వైల్ రాట్ అనే పేరుతో గూన్‌స్వార్మ్ దౌత్యం చూసిన ఆయన అసలు పేరు షాన్ స్మిత్, బయట కూడా అమెరికా విదేశాంగ శాఖ ఉద్యోగి. 2012 సెప్టెంబర్ 11న లిబియాలోని బెంఘాజీలో జరిగిన దాడిలో చనిపోయారు. ఆ వార్త తెలిశాక ఆటలో మిత్రులే కాదు, ఆయనతో యుద్ధాలు చేసిన అలయన్స్‌ల వాళ్ళు కూడా తమ స్టేషన్ల పేర్లు మార్చి ఆయన్ని తలుచుకున్నారు. శత్రువుతో మాట్లాడటం మానకుండా ఉన్నవాడికి దక్కే గౌరవం అది.

ఇక ఎవరూ మాట్లాడని సంగతి, చాకిరీ. అలయన్స్ అంటే యుద్ధాలు కాదండీ, చాకిరీ. జాబితాలు రాసేది ఎవరు? రీసెట్ ముందు షీల్డ్, అంటే దాడుల నుంచి కాపాడే రక్షణ, వేసుకోని వాళ్ళని ఒక్కొక్కరినీ లేపేది ఎవరు? ప్రకటనని నాలుగు భాషల్లో పెట్టేది ఎవరు? ఆటలోని ఆటోమేటిక్ అనువాదం ఒకసారి "ర్యాలీలో చేరకండి" అన్నదాన్ని "చేరండి" అని మార్చేసి మాకు ఎంత నష్టం తెచ్చిందో! అప్పటినుంచి ఒక అమ్మాయి ప్రతి ప్రకటననీ చేత్తో అనువదించి పెట్టేది. ఏడాదిన్నర చేసింది. ఒకరోజు ఆపేసింది. ఎందుకు ఆపావమ్మా అంటే, "ఇన్నాళ్ళలో ఒక్కరు కూడా బాగుందనలేదు, బాగాలేదని కూడా అనలేదు" అంది. నేను ఆఫీసరుని, రోజూ ఆ అనువాదాలు వాడుకున్నవాణ్ణి, నేను కూడా చెప్పలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

చాకిరీ ఆగితే ఏమవుతుందో చెప్పడానికి ఈవ్‌లోదే ఇంకో సంగతి. 2014 జనవరి 27న బీ-ఆర్‌5ఆర్‌బీ అనే సౌరమండలంలో ఒక యుద్ధం జరిగింది, దాదాపు 21 గంటలు నడిచింది, ఏడున్నర వేలమందికి పైగా పాల్గొన్నారు. టైటాన్లు అంటే ఆ ఆటలో అన్నిటికంటే పెద్ద ఓడలు, ఒక్కొక్కటి కట్టడానికి నెలలు పడుతుంది. అవి 75 కూలిపోయాయి. డబ్బులో లెక్కగడితే మూడు లక్షల డాలర్లదాకా నష్టమని అంచనా. ఇంత యుద్ధం దేంతో మొదలైంది? ఆ సౌరమండలం తమదే అని ఉంచుకోవడానికి కట్టాల్సిన బిల్లు కట్టబడలేదు. అంతే. ఒక్క బిల్లు. హక్కు పోయింది, ఎదుటివాళ్ళు చూశారు, దూకారు. ఇప్పుడు ఆ చోట కూలిన ఓడల శకలాలతో కంపెనీ ఒక స్మారకం పెట్టింది.

వెళ్ళిపోయే బటన్ గురించి ఇందాక అంత గొప్పగా చెప్పాను కదా. వెళ్ళడానికి చోటు లేకపోతే? లీనేజ్ 2 అనే కొరియా ఆటలో బార్ట్జ్ అని ఒక సర్వర్. అక్కడ డ్రాగన్ నైట్స్ అనే బృందం, వాళ్ళ కూటమి కోటలు పట్టుకుని కూర్చుంది, మంచి వేట మైదానాలు తమవాళ్ళకే ఉంచుకుంది, కోట చేతిలో ఉంటే పన్ను కూడా వాళ్ళదే. మామూలు ఆటగాడు అలయన్స్ మారి ఏం లాభం, సర్వర్ మొత్తం వాళ్ళ చేతిలో ఉంటే? సర్వర్ వదిలేద్దామంటే ఏళ్ళ కష్టం అక్కడే పోతుంది. 2004లో చిన్న లెవెల్ ఆటగాళ్ళు తిరగబడ్డారు. సరైన కవచాలు లేకుండా గుంపులు గుంపులుగా వచ్చారు కాబట్టి వాళ్ళకి లోదుస్తుల సైన్యం అని పేరు పడింది. ఒక్కొక్కరు ఒక్క దెబ్బకి చచ్చేవాళ్ళే. చచ్చి, లేచి, మళ్ళీ నడిచి వచ్చేవాళ్ళు. కోటలు పడ్డాయి. ఆ తర్వాత గెలిచిన కూటమిలోనే పంపకాల తగాదాలు వచ్చాయి. చూశారా, మళ్ళీ పంపకాల దగ్గరికే వచ్చాం. కూలదోయడానికి కోపం సరిపోయింది. మర్నాడు పొద్దున కోట ఎవరిదో తేల్చడానికి ముందే ఒప్పుకున్న పద్ధతి కావాలి, వాళ్ళకది లేదు.

కంపెనీలు ఆటగాళ్ళకి నిజంగా ఓటు ఇచ్చిన సందర్భం కూడా ఒకటుంది, త్వరగా చెప్పేస్తాను. 2008 నుంచి ఈవ్‌లో ఆటగాళ్ళు ఎన్నుకునే ఒక మండలి ఉంది, కౌన్సిల్ ఆఫ్ స్టెల్లార్ మేనేజ్‌మెంట్ అని. అది సలహా ఇస్తుంది, నిర్ణయం మాత్రం కంపెనీదే. పెద్ద అలయన్స్‌లు తమవాళ్ళందరి చేతా ఒకే జాబితాకి ఓటు వేయించి సీట్లు తెచ్చుకుంటాయి. అన్యాయం అంటారు కొందరు. నాకు అలా అనిపించదు, వేలమందిని లేపి ఓటు వేయించగలగడం కూడా ఒక పాలనా సామర్థ్యమే.

చివరిగా వారసత్వం. ఇది కూడా మా సంగతే. ఇందాక చెప్పిన ఆర్‌5, చాలా మంచి మనిషి, ఆయన జీవితంలో ఏవో ఇబ్బందులొచ్చి ఆట తగ్గించేశారు. తగ్గిస్తే తగ్గించారు, పదవి ఇంకొకరికి ఇచ్చి వెళ్ళొచ్చు. ఇవ్వలేదు. లీడర్ కొన్ని రోజులు రాకపోతే పదవి దానంతటదే మారే ఏర్పాటు మా ఆటలో ఉంది, కానీ ఆయన వారానికొకసారి వచ్చి రెండు నిమిషాలు ఉండి వెళ్ళేవారు, ఆ గడువు మళ్ళీ మొదటికి వచ్చేది. మెసేజ్ పెడితే జవాబు లేదు. ఆర్‌5 మాత్రమే మొదలుపెట్టగలిగే ఈవెంట్లు ఆగిపోయాయి. మూడు నెలలు ఎదురుచూశాం. ఎనిమిది మంది వెళ్ళిపోయారు.

అప్పుడు గూన్‌స్వార్మ్ సంగతి గుర్తొచ్చింది. బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్‌ని కూల్చిన వాళ్ళకే ఏడాది తిరిగేసరికి, 2010 మొదట్లో, అదే గతి పట్టింది. లోపలే నాయకత్వం చెడింది, బిల్లులు కట్టక ప్రాంతాలు పోయాయి, అలయన్స్ రద్దయిపోయింది. వాళ్ళేం చేశారు? ఇంకో పేరుతో మళ్ళీ కలిశారు. మనుషులు వాళ్ళే. ట్యాగ్ పోయింది, అలయన్స్ పోలేదు.

మేమూ అదే చేశాం. మొత్తం 93 మంది. కొత్త అలయన్స్ పెట్టాం, మొదట్లో దాంట్లో ముప్పై మందికే చోటు, డొనేషన్లు చేస్తూపోతేనే చోటు పెరుగుతుంది. ట్యాగ్ లేకుండా బయట ఉన్న ఆ కాసేపట్లో ఎవరైనా కొట్టొచ్చు, అందుకని రెండు రోజుల ముందే నాప్‌లో ఉన్న తొమ్మిది అలయన్స్‌లకీ చెప్పాం, తొమ్మిదీ ఒప్పుకున్నాయి. షీట్‌లో పేరు, సమయం, షీల్డ్ వేశారా లేదా, మూడే వరుసలు. బలం తక్కువున్నవాళ్ళు ముందు, ఎక్కువున్నవాళ్ళు చివర. ఎవరినీ రమ్మని బలవంతపెట్టలేదు, రానంటే షీట్‌లో అలాగే రాసుకున్నాం. ఒక్కరు కూడా రానని అనలేదు. ఆరు గంటలు పట్టింది. చివరికి ఒక్కాయన మిగిలారు, లాగిన్ అవలేదు, ఆయనకి అప్పుడు అర్ధరాత్రి. ఆయన ఒక్కడే పాత అలయన్స్‌లో ఉంటే ఎలా అని, ఇందాక చెప్పాను చూడండి, ఆర్‌2 గురించి ఒకే మాట రాసినావిడ, ఆవిడ కూడా మారకుండా తెల్లారేదాకా అక్కడే ఉండిపోయారు. ఆయన లేచాక ఇద్దరూ కలిసి వచ్చారు. ఇప్పుడు ఆవిడే మా ఆర్‌5.

ఆవిడ వచ్చాక ఒక పద్ధతి పెట్టారు. ప్రతి సీజన్ చివర ఒకరోజు ఆర్‌5 పదవిని ఆఫీసర్లలో ఒకరికి నిజంగా ఇచ్చేస్తారు. రద్దు బటన్‌తో సహా. మర్నాడు ఓటింగ్ పెడతాం, ఆవిడే కావాలంటే ఆ ఆఫీసరు తిరిగి ఇవ్వాలి. మొదటిసారి ఆ ఒక్కరోజు నా చేతికే వచ్చింది. రాత్రంతా నిద్రపట్టలేదు, ఫోన్ జేబులో పెట్టుకోవడానికి కూడా భయమేసింది. పొద్దున ఓట్ల లెక్క రాగానే ఇచ్చేశాను. ఇప్పటికి నాలుగు సీజన్లయింది, ఇచ్చినవాళ్ళందరూ తిరిగి ఇచ్చారు.

పాత ఆర్‌5 మేం మారిన మూడో రోజు లాగిన్ అయ్యారు, ఖాళీ అలయన్స్ చూశారు. నాకు మెసేజ్ పెట్టారు, "నేనూ రావచ్చా" అని. ఆఫీసర్ల చాట్‌లో అడిగితే రెండు నిమిషాల్లో అందరూ సరేనన్నారు. ఆర్‌3గా చేరారు. ఇప్పుడు వారానికి రెండు రోజులు వస్తారు, వచ్చిన రోజు ర్యాలీకి సైన్యం పంపుతారు.

నా వైపు నుంచి ఇంతే. ఇందాక చేతులెత్తిన నలుగురూ ముందు అడగండి, మైక్ వెనక్కి పంపండి.